ఉద్యోగుల శిక్షణ

ఉద్యోగుల శిక్షణ అనగా ఒక సంస్థలో పనిచేసేవారు తమ పనిని సక్రమంగా, సురక్షితంగా, తక్కువ వృథాతో చేయడానికి కావలసిన జ్ఞానాన్ని, నైపుణ్యాన్ని, అలవాట్లను ఒక పద్ధతి ప్రకారం నేర్పడం. కర్మాగారాలు, గనులు, రవాణా సంస్థలు, బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు మొదలైన అన్నిచోట్లా ఇది ఏదో ఒక రూపంలో ఉంటుంది. శిక్షణ ప్రధాన లక్ష్యాలలో ఒకటి ఉత్పాదకతను పెంచడం. అయితే శిక్షణ ఇచ్చినంత మాత్రాన ఉత్పాదకత పెరగదు. నేర్పే విషయం పనిలోని అవసరం నుండి పుట్టినదై ఉండాలి. అభ్యాసంతో అది చేతికి రావాలి. నేర్చుకున్నవారు తిరిగి పనిలోకి వెళ్ళాక దానిని అమలు చేసే వీలుండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఖర్చు కనిపిస్తుంది గాని ఫలితం కనిపించదు. ఈ వ్యాసంలోని ఉదాహరణలలో ఎక్కువ భాగం నిజామాబాదు జిల్లాలోని బోధన్ చక్కెర పరిశ్రమకు, వేల్పూర్ మండలానికి, రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు సంబంధించినవి.

ఉత్పత్తి, ఉత్పాదకత

ఉత్పత్తి, ఉత్పాదకత ఒకటి కావు. ఒక కర్మాగారం మొత్తం మీద ఎంత సరుకు తయారుచేసిందో చెప్పేది ఉత్పత్తి. వాడిన శ్రమ, ముడిసరుకు, ఇంధనం, సమయం మొదలైన వాటిలో ఒక్కొక్క ప్రమాణానికి ఎంత ఫలితం వచ్చిందో చెప్పేది ఉత్పాదకత. పనిగంటలు పెంచితే ఉత్పత్తి పెరగవచ్చును, ఉత్పాదకత మాత్రం తగ్గవచ్చును.

చక్కెర పరిశ్రమలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. గానుగాడిన చెరకులో ఎన్నవ వంతు చక్కెరగా చేతికి వచ్చిందో చెప్పే శాతాన్ని రికవరీ అంటారు. వంద టన్నుల చెరకు నుండి పది టన్నుల చక్కెర వస్తే రికవరీ 10 శాతం. రోజుకు 3,000 టన్నుల చెరకు ఆడే మిల్లులో రికవరీ 10 శాతం నుండి 10.1 శాతానికి పెరిగితే రోజుకు మూడు టన్నుల చక్కెర అదనంగా వస్తుంది. 120 రోజుల సీజనులో అది 360 టన్నులు అవుతుంది. దీనికి అదనపు చెరకు గాని, అదనపు కార్మికులు గాని అక్కరలేదు. ఉన్న చెరకు నుండి నష్టం తగ్గించడమే చాలు. నష్టం తగ్గించడం చాలావరకు పనిచేసేవారి నైపుణ్యం మీద ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

పూర్వం వృత్తివిద్య కుటుంబంలోనే సాగేది. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె మొదలైన వృత్తులవారి పిల్లలు పెద్దల పక్కన కూర్చుని, చూచి, చేసి నేర్చుకునేవారు. కర్మాగారాలు వచ్చిన తరువాత వందలమందికి కొత్త పనిని తక్కువ కాలంలో నేర్పవలసి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో ఓడల నిర్మాణానికి అవసరమైన కార్మికులను తయారుచేయడానికి ఛార్లెస్ అలెన్ నాలుగు మెట్ల బోధన పద్ధతిని రూపొందించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో ఆ దేశంలో మొదలైన 'పరిశ్రమలోనే శిక్షణ' కార్యక్రమం ఆ పద్ధతిని విస్తృతంగా వ్యాప్తిలోకి తెచ్చింది. యుద్ధానంతరం జపాన్ పరిశ్రమలు దానిని స్వీకరించి తమ పని విధానంలో భాగం చేసుకున్నాయి.

భారతదేశంలో చక్కెర సాంకేతిక విద్య కోసం 1936లో కాన్పూరులో ఒక జాతీయస్థాయి సంస్థ ఏర్పడింది. ఇదే నేటి జాతీయ చక్కెర సంస్థ. స్వాతంత్ర్యానంతరం 1956లో వృత్తి శిక్షణకు జాతీయ మండలి, 1958లో జాతీయ ఉత్పాదకతా మండలి ఏర్పడ్డాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం పరిశ్రమలలో కొత్తవారిని చేర్చుకుని పని నేర్పడాన్ని చట్టబద్ధం చేసింది. హైదరాబాదులో 1956లో పరిపాలనా సిబ్బంది కళాశాల స్థాపించబడింది. చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ 1962లో ఢిల్లీ నుండి హైదరాబాదుకు తరలివచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్ సంస్థతో కలిసి రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటిఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే కార్యక్రమాన్ని చేపట్టింది.

శిక్షణలో రకాలు

ప్రవేశ శిక్షణ: కొత్తగా చేరినవారికి సంస్థ నియమాలు, భద్రతా జాగ్రత్తలు, తమ పని స్వరూపం తెలియజేసేది. గనులలో ఇది చట్టరీత్యా తప్పనిసరి. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం సింగరేణి వంటి సంస్థలు కొత్త కార్మికులకు ముందుగా శిక్షణ ఇచ్చిన తరువాతనే గనిలోకి పంపాలి.

పనిలోనే శిక్షణ: అనుభవజ్ఞుని పక్కన ఉండి అసలు యంత్రం మీదనే నేర్చుకునేది. ఖర్చు తక్కువ. కాని నేర్పేవానికి నేర్పే పద్ధతి తెలియకపోతే అతని మంచి అలవాట్లతో పాటు చెడు అలవాట్లు కూడా శిష్యునికి వస్తాయి.

తరగతి శిక్షణ: పనికి దూరంగా, శిక్షణ కేంద్రంలో ఇచ్చేది. సూత్రాలు, లెక్కలు, చట్టాలు బోధించడానికి ఇది అనువైనది.

పునశ్చరణ శిక్షణ: నేర్చుకున్నదానిని కొంత కాలానికి తిరిగి గుర్తుచేసేది. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, మళ్ళీ మననం చేయని విషయంలో ఎక్కువ భాగం మొదటి కొద్ది రోజులలోనే మరపునకు వస్తుంది.

ఫలప్రదమైన శిక్షణకు మెట్లు

అవసరాన్ని గుర్తించుట: మొదట అడగవలసిన ప్రశ్న 'ఏమి నేర్పాలి' అన్నది కాదు, 'పని ఎక్కడ దెబ్బతింటున్నది' అన్నది. తప్పు జరగడానికి కారణం తెలియకపోవడమా, తెలిసినా పనిముట్లు లేకపోవడమా, పనిముట్లు ఉన్నా చేయాలన్న ఆసక్తి లేకపోవడమా అన్నది తేల్చుకోవాలి. మొదటిదానికి మాత్రమే శిక్షణ మందు. అరిగిపోయిన యంత్రానికి, చేతికందని జీతానికి తరగతి గదిలో పరిష్కారం లభించదు.

లక్ష్యాన్ని నిర్ణయించుట: 'అవగాహన కల్పించుట' వంటి లక్ష్యాన్ని కొలవడం సాధ్యం కాదు. 'శిక్షణ ముగిసేనాటికి ప్రతి కార్మికుడు తూకపు యంత్రాన్ని స్వయంగా సరిచూడగలగాలి' అన్న లక్ష్యాన్ని కొలవవచ్చును.

నేర్పుట: పైన చెప్పిన నాలుగు మెట్ల పద్ధతి నేటికీ పరిశ్రమలలో వాడుకలో ఉన్నది. ఒకటి, నేర్చుకునేవాని భయం పోగొట్టి, అతనికి ఇదివరకే ఏమి తెలుసో కనుక్కోవడం. రెండు, పనిని చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని చేసి చూపుతూ కీలకమైన అంశాలను, వాటి కారణాలను వివరించడం. మూడు, అతని చేత చేయించి, తప్పులను వెంటనే సరిదిద్ది, ఎందుకు అలా చేస్తున్నాడో అతని నోటనే చెప్పించడం. నాలుగు, అతనిని పనిలో పెట్టి, సందేహం వస్తే ఎవరిని అడగాలో చెప్పి, మొదట్లో తరచుగా, తరువాత అప్పుడప్పుడు వెళ్ళి చూడడం. ఉపన్యాసంతో ముగిసే శిక్షణలో మూడవ, నాలుగవ మెట్లు ఉండవు. నిజమైన నేర్పు వచ్చేది ఆ రెండింటిలోనే.

పనిచోట అమలు: నేర్చుకున్నది పనిలోకి ప్రవహించడాన్ని శిక్షణ బదిలీ అంటారు. అమెరికా పరిశోధకులు బాల్డ్విన్, ఫోర్డ్ 1988లో చేసిన సమీక్షలో ఇది నేర్చుకునేవారి స్వభావం, శిక్షణ రూపకల్పన, పనిచోటి వాతావరణం అనే మూడింటి మీద ఆధారపడి ఉంటుందని వివరించారు. కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చినవానితో పైఅధికారి 'అవన్నీ అక్కడే, ఇక్కడ పాత పద్ధతే' అంటే ఆ శిక్షణ అంతటితో ముగిసినట్లే. అందుచేత మేస్త్రీలకు, సూపర్‌వైజర్లకు ముందుగా శిక్షణ ఇవ్వడం మంచిది.

ఫలితాన్ని కొలుచుట: డొనాల్డ్ కర్క్‌ప్యాట్రిక్ 1959లో ప్రతిపాదించిన నాలుగు స్థాయిల కొలమానం ప్రసిద్ధమైనది. చక్కెర మిల్లు ఉదాహరణతో అవి ఇలా ఉంటాయి.

1. స్పందన: శిక్షణ ఉపయోగకరంగా ఉన్నదని కార్మికులు భావించారా?
2. అభ్యసనం: రసంలో సున్నం పాలు ఎంత కలపాలో పరీక్షలో సరిగా చెప్పగలిగారా?
3. ప్రవర్తన: నెల తరువాత రాత్రి షిఫ్టులో కూడా అలాగే కలుపుతున్నారా?
4. ఫలితం: చక్కెర నష్టం తగ్గిందా?

చాలా సంస్థలు మొదటి స్థాయి దగ్గరే ఆగిపోతాయి. అభిప్రాయ పత్రాలు నింపించుకోవడం సులభం, మూడు నెలల తరువాత పనిచోటికి వెళ్ళి చూడడం కష్టం కావడమే ఇందుకు కారణం.

చక్కెర పరిశ్రమ: బోధన్

మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు నీటితో నిజామాబాదు ప్రాంతంలో చెరకు సాగు విస్తరించింది. ఆ చెరకు ఆధారంగా బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించబడింది. ఒకప్పుడు అది ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరుపొందింది.

చక్కెర మిల్లులోని పనులు శిక్షణ ప్రాధాన్యాన్ని చక్కగా తెలియజేస్తాయి. చెరకును కత్తులతో ముక్కలు చేసి, రోలర్ల మధ్య నలిపి రసం తీస్తారు. సున్నం పాలు, గంధక వాయువులతో రసాన్ని శుద్ధిచేసి, ఆవిరితో చిక్కబరుస్తారు. తరువాత వాక్యూమ్ పాన్‌లలో పాకం పట్టి పలుకు కట్టిస్తారు. చివరకు వేగంగా తిరిగే సెంట్రిఫ్యూగల్ యంత్రాలలో చక్కెరను మడ్డి నుండి వేరుచేస్తారు. వీటిలో పాన్ దగ్గర పని అత్యంత నైపుణ్యం కోరేది. పాన్ నడిపే కార్మికుడు పాకాన్ని కొద్దిగా బయటకు తీసి, గాజు పలక మీద వెలుతురులో పలుకు పరిమాణాన్ని చూచి, వేళ్ళ మధ్య సాగదీసి చిక్కదనాన్ని అంచనా వేస్తాడు. పాకం మరీ చిక్కబడితే అవసరం లేని సన్న పలుకు పుడుతుంది. దానిని కరిగించడానికి మళ్ళీ నీరు, ఆవిరి, సమయం ఖర్చవుతాయి. ఈ నేర్పు పుస్తకంతో రాదు. అయితే పాకం ఏ స్థితిలో ఎందుకు పలుకు కడుతుందో తెలియకుండా కేవలం చూచి నేర్చుకున్నవాడు చెరకు రకం మారినప్పుడు తడబడతాడు. పనిలో శిక్షణ, తరగతి శిక్షణ రెండూ కలిసి ఉండవలసిన అవసరం ఇక్కడ తెలుస్తుంది. బాయిలర్ నడిపేవారికి తగిన అర్హతా పత్రం ఉండాలని 1923 నాటి బాయిలర్ల చట్టం కాలం నుండి నియమం ఉన్నది.

చక్కెర పరిశ్రమకు మరొక ప్రత్యేకత సీజను. మిల్లు సాధారణంగా శీతాకాలంలో మొదలై వేసవి వరకు ఆడుతుంది. మిగిలిన నెలలు యంత్రాల మరమ్మతుకు కేటాయిస్తారు. పని లేని నెలలలో తరగతులు పెట్టడం సులభమే. కాని మే నెలలో నేర్పి నవంబరు దాకా వదిలేస్తే చాలావరకు మరచిపోతారు. కాబట్టి సూత్రాలను మరమ్మతు కాలంలో, విప్పిన యంత్రాలను చూపుతూ బోధించి, గానుగ మొదలయ్యే ముందు పునశ్చరణ జరిపి, మొదటి వారాలలో పనిచోటనే సరిదిద్దడం సరైన క్రమం.

మిల్లు ఉత్పాదకత గేటు లోపల మాత్రమే నిర్ణయం కాదు. నరికిన చెరకు ఆలస్యమైతే బరువు, చక్కెర శాతం రెండూ తగ్గుతాయి. 24 గంటలలోపు గానుగకు చేరడం మంచిదని నిపుణులు సూచిస్తారు. అందువలన పక్వమైన చెరకును గుర్తించడం, నేలబారుగా నరకడం, ఆకు, మట్టి లేకుండా పంపడం మొదలైనవాటిలో రైతులకు, చెరకు నరికే కూలీలకు కూడా శిక్షణ అవసరమవుతుంది.

రవాణా సంస్థ

1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా మొదలై, 1958లో కార్పొరేషన్‌గా మారిన రోడ్డు రవాణా సంస్థలో శిక్షణ ఫలితం అంకెలలో కనిపిస్తుంది. హకీంపేటలో ఈ సంస్థకు సిబ్బంది శిక్షణ కేంద్రం ఉన్నది. లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్కను డిపోలలో గమనిస్తారు. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సు లీటరుకు 5 కిలోమీటర్ల చొప్పున 60 లీటర్లు వాడుతుంది. అదే 5.2 కిలోమీటర్లు వస్తే సుమారు 57.7 లీటర్లు చాలు. ఇటువంటి 100 బస్సులున్న డిపోలో రోజుకు దాదాపు 230 లీటర్లు మిగులుతాయి. గేరు సకాలంలో మార్చడం, అనవసరంగా బ్రేకు వేయకపోవడం, ఆగినప్పుడు ఇంజను ఆపడం వంటి అలవాట్లే ఇందుకు ఆధారం. తక్కువ మైలేజీ వచ్చినప్పుడు డ్రైవరును తప్పుపట్టే ముందు బస్సు స్థితిని, మార్గాన్ని, రద్దీని కూడా పరిశీలించడం న్యాయం.

పరిశోధనలు

కాకినాడ: హార్వర్డు విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1960ల మధ్యలో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ ద్వారా కాకినాడ వ్యాపారులకు సాధనా ప్రేరణలో శిక్షణ ఇప్పించాడు. శిక్షణ పొందినవారిని పొందనివారితో పోల్చి చూడగా, పొందినవారు కొత్త వ్యాపారాలు ప్రారంభించడంలో, పెట్టుబడి పెట్టడంలో ఎక్కువ చురుకుగా ఉన్నట్లు తేలింది. ఈ వివరాలు 1969లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.

ముంబై: ముంబై పరిసరాలలోని వస్త్ర కర్మాగారాలపై జరిగి 2013లో ప్రచురితమైన అధ్యయనంలో, లోపాలను రోజువారీగా నమోదు చేయడం, యంత్రాలను వేళకు సంరక్షించడం, సరుకును క్రమంగా అమర్చడం వంటి నిర్వహణ పద్ధతులు నేర్పి అమలు చేయించగా మొదటి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగింది. నేర్చుకోవలసినది కార్మికులే కాదు, యాజమాన్యం కూడా అని ఇది సూచిస్తుంది.

బెంగుళూరు: బెంగుళూరు ప్రాంతంలో దుస్తులు కుట్టే కర్మాగారాలలోని మహిళలకు సంభాషణ, సమయపాలన, సమస్యల పరిష్కారం వంటి అంశాలలో శిక్షణ ఇచ్చి పరిశోధకులు ఫలితాలను గమనించారు. శిక్షణ పొందినవారి ఉత్పాదకత 10 శాతానికి పైగా పెరిగింది. వేతనాలలో పెరుగుదల మాత్రం ఒక శాతం కూడా లేదు. సంస్థ పెట్టిన ఖర్చు కంటే పొందిన లాభం ఎంతో ఎక్కువ. శిక్షణ వలన కలిగిన లాభంలో కార్మికుని వాటా ఎంత అన్న ప్రశ్నను ఈ అధ్యయనం ముందుకు తెచ్చింది.

శిక్షణకు పునాది: వేల్పూర్

చదవడం, రాయడం, లెక్కించడం రానివారికి యంత్రం మీది సూచనలు గాని, భద్రతా హెచ్చరికలు గాని అందవు. బడి చదువు లేకుండా ఉద్యోగ శిక్షణ నిలబడదు. ఈ విషయంలో నిజామాబాదు జిల్లా వేల్పూర్ మండలం చెప్పుకోదగినది. 2001లో ఈ మండలంలో 5 నుండి 15 ఏండ్ల పిల్లలందరినీ బడిలో చేర్పించడానికి జిల్లా యంత్రాంగం, ఉపాధ్యాయులు, గ్రామ పెద్దలు కలిసి ఉద్యమం సాగించారు. తల్లిదండ్రులు తీసుకున్న అప్పులకు బదులుగా పిల్లలను పనిలో పెట్టుకున్న యజమానులు ఆ అప్పులను వదులుకునేలా ఒప్పించారు. 2001 అక్టోబరు 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు.

చిన్నతనంలోనే పనిలోకి వెళ్ళిన పిల్లలు త్వరగా పని నేర్చుకుంటారన్న అభిప్రాయం కొందరిలో ఉన్నది. నిజానికి అటువంటి పిల్లలకు ఒకే చిన్న పని మళ్ళీ మళ్ళీ చేయడమే తప్ప వృత్తి పూర్తిగా నేర్చుకునే అవకాశం ఉండదు. అప్రెంటిస్ చట్టం కనీస వయస్సును 14 ఏండ్లుగా, ప్రమాదకర పరిశ్రమలలో 18 ఏండ్లుగా నిర్ణయించింది. ఒక్కొక్క వృత్తికి కనీస విద్యార్హత కూడా ఉన్నది. వేల్పూర్ వంటి చోట్ల బడిలో చేరిన పిల్లలకే తరువాత ఐటిఐ తలుపులు తెరచుకుంటాయి.

పరిమితులు

శిక్షణ ఒక్కటే సంస్థను కాపాడలేదు. బోధన్ కర్మాగారమే ఇందుకు నిదర్శనం. నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటనతో బోధన్ మిల్లు మూతపడింది. ఏండ్ల తరబడి పని నేర్చిన కార్మికులు ఉపాధి కోల్పోయారు. మిల్లు నడవాలంటే చెరకు సరఫరా, రైతుకు సకాలంలో చెల్లింపు, యంత్రాల ఆధునీకరణ, నిలకడైన యాజమాన్యం ఉండాలి. ఇవి లేనిచోట కార్మికుని నైపుణ్యం నిరుపయోగమవుతుంది. పైగా పాన్ నడపడం వంటి నేర్పు చక్కెర మిల్లు బయట అక్కరకు రాదు. దానిని తరువాతి తరానికి అందించే చోటు కూడా మిల్లుతోపాటే మూతపడుతుంది. కాబట్టి ఒకే సంస్థకు పరిమితమైన పనితో పాటు వెల్డింగు, విద్యుత్తు పని, యంత్ర మరమ్మతు వంటి అంతటా చెల్లే నైపుణ్యాలను కూడా నేర్పి, ధ్రువపత్రం ఇవ్వడం కార్మికునికి రక్షణ.

జిల్లాలో వేలాది మహిళలకు జీవనాధారమైన బీడీల తయారీ మరొక కోణాన్ని చూపుతుంది. ఈ పనిని ఆడపిల్లలు ఇంట్లోనే తల్లుల దగ్గర నేర్చుకుంటారు. వేయి బీడీలకు ఇంత అని కూలి లెక్కిస్తారు కనుక వేగం దానంతట అదే పెరుగుతుంది. కాని వేగం పెరిగినంత మాత్రాన వెన్నునొప్పి, పొగాకు ధూళి తగ్గవు. మరొక వృత్తికి దారి కూడా ఏర్పడదు. ఉత్పాదకతను కేవలం సంఖ్యతో కొలిస్తే మనిషి ఆరోగ్యం, భవిష్యత్తు లెక్కలోకి రావు.

ఈ కారణాల చేత, శిక్షణ ఫలించిందా అని నిర్ణయించేటప్పుడు సంస్థకు ఎంత మిగిలింది అన్నదానితో పాటు, నేర్చుకున్నవారి వేతనం, భద్రత, మరొకచోట పని పొందగల శక్తి ఎంత పెరిగాయి అన్నది కూడా పరిశీలించడం అవసరం.

ఇవి కూడా చూడండి

నిజాం షుగర్ ఫ్యాక్టరీ
బోధన్
వేల్పూర్
నిజాంసాగర్ ప్రాజెక్టు
పారిశ్రామిక శిక్షణా సంస్థ
బాలకార్మిక వ్యవస్థ